అప్పగించిన పుస్తకం

నేపర్‌విల్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత గుడి ఉండేది కాదు. ఒక అమెరికన్ చర్చి వాళ్ళు ఆదివారం పొద్దున తమ ఆరాధన ముగించుకుని వెళ్ళాక, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా హాలు మాకు ఇచ్చేవారు. ముప్పై కుటుంబాలు ఉండేవాళ్ళం. వేదిక మీద ఒక పక్క సిలువ, ఇంకో పక్క ఇత్తడి కర్రకు కట్టిన అమెరికా జెండా. గుంటూరు జిల్లాలో నేను పెరిగిన గుళ్ళో ఏ జెండా చూడలేదు. మొదటి ఆదివారమే మా ఆయన్ని అడిగాను. "వాళ్ళ చర్చి, వాళ్ళ జెండా. మనకెందుకు?" అన్నారు. మనకెందుకు అన్నది ఈ దేశంలో ఆయన నేర్చుకున్న మొదటి ప్రార్థన.

నేను 2001లో ఆయన వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చాను. అంతకుముందు ఆరేళ్ళు ఒక మిషన్ కాలేజీలో చరిత్ర చెప్పాను. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. పొద్దున ఆయన ట్రెయిన్‌కి వెళ్ళిపోతే, మళ్ళీ సాయంత్రం దాకా అపార్ట్‌మెంట్‌లో నా గొంతు నాకే వినిపించేది కాదు. అందుకే మా పాస్టరుగారు ఒకరోజు, "సిస్టర్, ఆరాధనకి ముందు పెద్దవాళ్ళకి ఒక గంట సంఘ చరిత్ర చెప్పండి. మనవాళ్ళకి రూట్స్ తెలియాలి," అన్నప్పుడు, నేను ఆలోచించుకుంటానని కూడా అనలేదు.

ఆ పాస్టరుగారి గురించి ఇక్కడ చెప్పాలి. నలభై ఏళ్ళుంటాయి. విజయవాడ వైపు నుంచి మతసేవకులకిచ్చే వీసా మీద వచ్చారు. ఎండాకాలంలో కూడా సూటు విప్పేవారు కాదు. ఆయన గొంతు మంచిది. ఆ గొంతు మీద ఆయనకున్న నమ్మకం ఇంకా గట్టిది. ఎవరైనా ఏడుస్తూ వస్తే చెయ్యి పట్టుకుని తానూ ఏడ్చేవారు, మరుసటి ఆదివారం ఆ ఏడుపును పేరు చెప్పకుండా ప్రసంగంలో వాడుకునేవారు. నాకు ఆయన మొదటినుంచీ నచ్చలేదని ఇప్పుడు అనిపిస్తోంది గానీ అది నిజం కాదు. నాకు క్లాసు ఇచ్చిన మనిషి ఆయన. ఒక ఏడాది పాటు ఆయన్ని చాలా గౌరవించాను.

క్లాసు పిల్లల సండేస్కూలు గదిలో జరిగేది. గోడల మీద పిల్లలు క్రేయాన్లతో వేసిన ఓడలు, జిరాఫీలు. కుర్చీలన్నీ అయిదేళ్ళ పిల్లలకు సరిపోయేవి. సాఫ్ట్‌వేర్ మేనేజర్లు, నర్సులు, పిల్లల దగ్గరికి వచ్చిన రిటైర్డ్ టీచర్లు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా వాటిలో కూర్చునేవారు. ముందు వరుసలో ఎప్పుడూ ఒక అమ్మాయి ఉండేది. వరంగల్ నుంచి వచ్చి మాస్టర్స్ చదువుతోంది. ఇరవై మూడేళ్ళు. రాత్రి డ్యూటీ చేసి వచ్చినట్టు కళ్ళు ఎర్రగా ఉండేవి, అయినా నోట్స్ రాసుకునేది. ఆ గదిలో నోట్స్ రాసుకున్న మనిషి ఆమె ఒక్కతే.

నేను చెప్పినదంతా మొదటి నాలుగు వందల ఏళ్ళ కథ. రోమన్ చక్రవర్తి ఆజ్ఞ వస్తే క్రైస్తవులు దేవతల ముందు ధూపం వేయాలి, వేశామని అధికారి చేత ఒక కాగితం రాయించుకోవాలి. కొందరు వేయబోమని చచ్చిపోయారు. కొందరు వేసేసి ఇంటికొచ్చి ఏడ్చారు. ఇంకొందరు ధూపం వేయకుండానే అధికారిని మంచి చేసుకుని, వేసినట్టు కాగితం మాత్రం తెచ్చుకున్నారు. ఈ మూడోవాళ్ళ గురించి చెప్పినప్పుడు గదిలో అందరూ నవ్వారు. మనవాళ్ళే అనుకుంటా అన్నాడు వెనక నుంచి ఒకాయన.

ఆ తర్వాతి తరంలో సైనికులు గుడి తలుపు తట్టి పుస్తకాలు అడిగారు. లేఖనాలన్నీ తెచ్చి ఇవ్వండి, కాల్చాలి అన్నారు. కొందరు గురువులు ఇచ్చేశారు. కొందరు తెలివిగా వైద్యం పుస్తకాలు ఇచ్చి పంపించారు, సైనికులకు తేడా తెలియలేదు. ఇచ్చేసినవాళ్ళకు సంఘంలో ఒక పేరు పడింది, అప్పగించినవాళ్ళు అని. ఆ మాట తరాలపాటు తిట్టుగా నిలిచిపోయింది.

వరంగల్ అమ్మాయి చెయ్యెత్తింది. "అక్కా, ఇచ్చినోళ్ళకి భయముండె గదా. ప్రాణం పోతదంటే ఎవరైనా ఇస్తరు. వాళ్ళని అంతగనం తిట్టుడెందుకు?"

మంచి ప్రశ్న. చరిత్ర టీచరు ఇచ్చే జవాబే ఇచ్చాను. భయపడినందుకు కాదు తిట్టింది, భయపడినవాళ్ళే తర్వాత పీఠాల మీద కూర్చుని మిగతావాళ్ళకు నీతులు చెప్పినందుకు అన్నాను. నా జవాబు నాకే బాగా నచ్చింది.

2003 మార్చిలో యుద్ధం మొదలైంది. ఆ ఆదివారం నేను చెప్పాల్సిన పాఠం చక్రవర్తి క్రైస్తవుల వైపు మారిన కథ. నిన్నటిదాకా చంపిన రాజ్యమే ఇవాళ సంఘం చెయ్యి పట్టుకుంది. బిషప్పులు ప్రభుత్వం బళ్ళలో ప్రయాణం చేసి రాజభవనానికి సభకు వచ్చారు. వాళ్ళలో కన్ను పీకించుకున్నవాళ్ళు, చేతులు కాలినవాళ్ళు ఉన్నారు. సభ అయ్యాక చక్రవర్తి విందు ఇచ్చాడు. కత్తులు దూసి నిలబడ్డ సైనికుల మధ్య నుంచి ఆ గాయాల మనుషులు నడిచి వెళ్ళి పరుపుల మీద ఆనుకుని భోంచేశారు. ఆ రోజు అక్కడున్న ఒక బిషప్పు, పరలోక రాజ్యం ఇలాగే ఉంటుందేమో అన్నట్టు మురిసిపోతూ రాసుకున్నాడు. అది మొదటిసారి చదివినప్పుడే నాకు ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతుంది. కొన్నాళ్ళకే ఆ సైనికులనే ఆఫ్రికాలో మాట వినని క్రైస్తవుల మీదికి పంపారు. అప్పగించినవాళ్ళ చేతి బాప్తిస్మాలు మాకొద్దన్నదే వాళ్ళ నేరం. ఆ రాజభవనం మెట్లెక్కినప్పుడు సంఘం ఏదో గెలుచుకుందని మనకు చెప్తారు, నిజానికి చెప్పులతో పాటు ఇంకేదో బయట వదిలేసి వెళ్ళింది అన్నాను.

పాఠం అయ్యాక ఆరాధనలో పాస్టరుగారు అధ్యక్షుడి కోసం, సైన్యం కోసం పావుగంట ప్రార్థించారు. అందరినీ నిలబడమన్నారు. నేను నిలబడలేదు. కాలు నొప్పి అనుకుని పక్కనున్న ఆంటీ నా భుజం నిమిరింది.

టీ దగ్గర పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. ముఖంలో కోపం లేదు, అదే నన్ను ఇబ్బంది పెట్టింది.

"సిస్టర్, మీ తాతగారు మిషన్‌లో ఉపదేశి కదా. మీ పల్లెలో స్కూలు ఎవరు పెట్టారు?"

మిషనరీ దొర అన్నాను.

"ఆ దొర జేబులో కలెక్టరు ఉత్తరం లేకపోతే, మీ కరణం ఆ స్కూలు పునాది పడనిచ్చేవాడా? మీ తాతగారు పలక పట్టుకునేవారా? రాజు చేతుల్లోంచి వచ్చింది తినే మనం ఇంతదూరం వచ్చాం. దాన్ని తిట్టడం సులువమ్మా."

మా తాత నిజంగానే చెప్పేవాడు, దొర గుర్రం మీద వచ్చిన రోజు కరణం అరుగు దిగి నిలబడ్డాడని, తన జీవితంలో అదొక్కటే చూసి చచ్చిపోయినా ఫరవాలేదనుకున్నానని. ఆ మాట ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. పాస్టరుగారు చెప్పినదానిలో నిజం ఉంది. ఆ నిజాన్ని ఆయన నా నోరు మూయించడానికి వాడుకున్నారన్నదే నా కోపం.

ఇక ఆ పుస్తకం సంగతి. హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది, నల్ల అట్ట, ఎర్ర గుడ్డ అంచు. ఎవరి కోసం ప్రార్థించాలో అందులో రాసేవాళ్ళం. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క పేజీ. తెలుగులోనే రాసుకునేవాళ్ళం కాబట్టి ఆ హాలు యజమానులు చదువుతారన్న భయం లేదు. కడుపు నిలవని సంగతులు, ఇంటికి చెప్పని జబ్బులు, అన్నీ ఉండేవి. నా పేజీలో నేను రాసింది ఇది: మా ఆయనకు మూడు నెలలుగా ప్రాజెక్టు లేదు, కంపెనీ ఉన్నట్టు చూపిస్తోంది, ఎవరికీ తెలియకముందే దొరకాలి. ప్రాజెక్టు లేకుండా ఖాళీగా కూర్చున్నవాడి వీసా చెల్లదని అప్పట్లో ప్రతి తెలుగింట్లోనూ తెలుసు.

మే నెలలో పాస్టరుగారి గ్రీన్‌కార్డు ఫైలు కదిలింది. ఇది నిజమైన చర్చేనా, ఈయన నిజంగా ఫుల్‌టైమ్ పాస్టరేనా అని చూడడానికి ప్రభుత్వం వాళ్ళు వస్తారని ఉత్తరం వచ్చింది. కమిటీ కూర్చుంది. మా ఆయన కూడా కమిటీలో ఉన్నారు. రెండు రోజుల తర్వాత పాస్టరుగారు మా ఇంటికి వచ్చి ఆ నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. ఇందులో కొన్ని పేజీలు ఇంగ్లీషులోకి మార్చి టైప్ చేయమన్నారు. సంఘం తన మీద ఎంత ఆధారపడుతోందో వచ్చినవాళ్ళకు ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదన్నారు.

"ఇవి మనుషులు దేవుడికి రాసుకున్నవి కదండీ," అన్నాను.

"దేవుని పని కోసమే కదమ్మా చూపించేది," అన్నారు.

ఆయన వెళ్ళాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని పుస్తకం మొత్తం చదివాను. చదవకూడదని తెలిసే చదివాను. వరంగల్ అమ్మాయి పేజీ మధ్యలో ఎక్కడో వచ్చింది. వాళ్ళమ్మకు ఆపరేషన్, ఆ దిగులుతో రెండు కోర్సులు వదిలేసింది, ఆ సంగతి ఇంకా కాలేజీ వాళ్ళ కంట పడలేదు, గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో రాత్రిపూట పని చేస్తోంది, పర్మిషన్ లేదు, రెండిట్లో ఏది బయటపడ్డా స్టూడెంట్ వీసా పోతుంది. దేవుడా ఈ ఒక్క సెమిస్టర్ నన్ను కాయి అని కింద రాసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

తర్వాత నా పేజీ వచ్చింది. దాన్ని కుట్టు దాకా మడిచి, గోటితో గీసి, చప్పుడు కాకుండా చింపాను. ఇంట్లో ఎవరూ లేరు, అయినా చప్పుడు కాకుండానే చింపాను. ముక్కలు చేసి సింకులో తడిపి చెత్తలో వేశాను.

మరుసటి రోజు పుస్తకం తీసుకెళ్ళి పాస్టరుగారికి ఇచ్చేశాను. నేను ఈ పని చేయను, ఇది ఎవరికీ చూపించకండి, మీరు చూపిస్తే పాపం చేసినట్టే అన్నాను. ఆయన నా వైపు చూసి సరేనమ్మా అన్నారు. కారెక్కి వస్తూ నన్ను నేను మెచ్చుకున్నాను. చక్రవర్తి మనిషికి నో చెప్పొచ్చిన ఆడదాన్నన్నట్టు ఇంటికొచ్చాను. నా చేతిలో ఒక రోజంతా ఉన్న పుస్తకంలోంచి రెండో పేజీ, ఆ అమ్మాయిది, చింపడానికి ఇంకో నిమిషం పట్టేది. ఆ ఆలోచనే నాకు రాలేదు. వచ్చి వద్దనుకున్నానేమోనని కూడా కొన్నిసార్లు అనిపిస్తుంది. అది ఇప్పటికీ తేల్చుకోలేను.

ప్రభుత్వం నుంచి ఇద్దరు అధికారులు జూన్‌లో వచ్చారు. మా ఆయన అక్కడే ఉన్నారు. సాయంత్రం ఇంటికొచ్చి షూ విప్పుతూ, అంతా బాగా జరిగిందని, వాళ్ళు చాలా మర్యాదస్థులని అన్నారు. నేను పుస్తకం గురించి అడిగాను. ఆయన రెండో షూ కూడా విప్పి పక్కన పెట్టారు.

"చూపించారు. ఎలాంటి సమస్యలతో వస్తారు మీ దగ్గరికి అని అడిగారు వాళ్ళు. ఈయన, స్టూడెంట్స్ కూడా వస్తారు, వీసా ప్రాబ్లమ్స్‌లో కౌన్సెలింగ్ ఇస్తాను అని ఆ అమ్మాయి పేజీ తీశారు. మన సంఘం సెక్రటరీ లైన్ బై లైన్ ట్రాన్స్‌లేట్ చేశాడు."

"మీరేం చేశారు?"

"నేనేం చేస్తాను? ఆయన కావాలని చేయలేదు. ఎగ్జాంపుల్‌గా చూపించారు, అంతే."

"మీరు గదిలో ఉన్నారు కదా."

"మన ఫైల్ కూడా వాళ్ళ దగ్గరే ఉంది. గుర్తుందా?" అన్నారు.

నేను చింపిన పేజీ గురించి ఆ రాత్రి ఆయనకు చెప్పలేదు.

మూడు వారాల తర్వాత ఆ అమ్మాయిని కాలేజీ ఆఫీసుకు పిలిచారు. కోర్సుల సంగతి, గ్యాస్ స్టేషన్ సంగతి రెండూ వాళ్ళకు తెలుసు. స్టూడెంట్ వీసా రికార్డు మూసేశారు. ఈ దేశంలో ఉండడానికి హక్కు లేదన్న ఉత్తరం చేతికిచ్చారు. పుస్తకం వల్లే అలా జరిగిందని నా దగ్గర రుజువు లేదు. కోర్సులు వదిలేసినదాన్ని కాలేజీ వాళ్ళు తామే పట్టుకుని ఉండొచ్చని పాస్టరుగారు తర్వాత అన్నారు. గ్యాస్ స్టేషన్ సంగతి కాలేజీకి ఎవరు చెప్పారని అడిగితే మాట మార్చారు.

ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు.

"అక్కా, నాకు ఎవరి మీద డౌట్ లేదు. ఊరికె అడుగుతున్న. నేను రాసింది ఎవరన్న చదివిన్రా?"

నాకు తెలియదన్నాను. లాయరుని కలవమన్నాను. ప్రార్థన చేస్తానన్నాను. ప్రార్థన చేస్తానని నేను అన్నదాన్ని తలుచుకుంటే ఈరోజుకీ నా ముఖం మీద నాకే ఉమ్మాలనిపిస్తుంది. తర్వాతి వారం ఆమె గది ఖాళీ చేసి వెళ్ళిపోయిందని తెలిసింది. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టులో పాస్టరుగారి కాగితాలు మంజూరయ్యాయి. ఆరాధనలో ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పి కన్నీళ్ళు పెట్టుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆరోజే నేను క్లాసు మానేస్తున్నానని చెప్పాను. ఆరోగ్యం బాగాలేదని కారణం చెప్పాను. అదీ అబద్ధమే. సంఘానికి వెళ్ళడం కూడా మెల్లగా తగ్గించేశాను. మా ఆయన మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. మాకు గ్రీన్‌కార్డు వచ్చింది, బాబు పుట్టాడు, నేను కమ్యూనిటీ కాలేజీలో ఉద్యోగం చేరాను. సంఘం సొంత భవనం కట్టుకుంది. అందులోనూ ఒక పక్క సిలువ, ఒక పక్క జెండా. ఇప్పుడది వాళ్ళ జెండా అని మా ఆయన కూడా అనలేరు. పాస్టరుగారు సిటీ వాళ్ళ సభల్లో ప్రారంభ ప్రార్థన చేసేవారు. మేయరు పక్కన నిలబడ్డ ఫొటో గుమ్మంలో తగిలించారని విన్నాను. ఆ ఫొటో నేను చూడలేదు, చూడాల్సిన అవసరం కూడా లేదు. ఆ విందు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

2011లో ఆ అమ్మాయి ఆచూకీ దొరికింది. ఇండియా వెళ్ళి, పెళ్ళి చేసుకుని, కెనడాలో స్థిరపడింది. పాత స్నేహితుల ద్వారా నంబరు తెచ్చుకుని ఫోన్ చేశాను. ఎనిమిదేళ్ళు మోసిన మాట కాబట్టి, పలకరింపులు అవగానే చెప్పేశాను. పుస్తకం నా దగ్గరికి వచ్చిందని, చదివానని, నా పేజీ చింపుకున్నానని.

ఫోన్‌లో ఆమె వెనకాల పిల్లలు టీవీ చూస్తున్న శబ్దం.

"మీ పేజీ మీరు చింపుకున్నరు. మంచిదే అక్కా, ఇల్లు కాపాడుకున్నరు," అంది. "నాది గూడ చింపితే ఏమైతుండె?"

నేను క్షమించమన్నాను. ఆమె సరే అనలేదు, వద్దని కూడా అనలేదు. "మా అమ్మ అప్పుడే పోయింది. నేను ఇంటికి పోయేసరికి నెల అయింది," అని చెప్పి, పిల్లలకి అన్నం పెట్టాలని ఫోన్ పెట్టేసింది. మళ్ళీ నేను చేయలేదు. ఆమెకు నా ఫోన్ అవసరం లేదు. ఆరోజు ఫోన్ అవసరమైంది నాకే.

తర్వాతి ఆదివారం నేను సంఘానికి వెళ్తానంటే మా ఆయన సంతోషించారు. సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. రెండు వందల మంది ఉంటారు. సగం మంది నాకు కొత్త. జరిగింది జరిగినట్టు చెప్పాను, ముందు నేను చేసింది, తర్వాత పాస్టరుగారు చేసింది, ఆ తర్వాత గదిలో కూర్చుని ఊరుకున్న కమిటీ సంగతి. మా ఆయన తల దించుకున్నారు. ప్రభుత్వం వాళ్ళు ఈ గుడి తలుపు బద్దలు కొట్టలేదు, మర్యాదగా వచ్చి కూర్చున్నారు, మన గురువే మనుషుల ప్రార్థనలు తీసి వాళ్ళ ముందు చదివించాడు, తన సొంత కాగితం కోసం, అన్నాను. సెక్రటరీ మైకు దగ్గరికి నడిచాడు. పాస్టరుగారు చేత్తో అతన్ని ఆపి, అదే మంచి గొంతుతో, "మన సిస్టర్ చాలా భారంతో ఉన్నారు. అందరం ప్రార్థన చేద్దాం," అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. రెండు వందల మంది కళ్ళు మూసుకుని ఉండగా నేను బయటికి నడిచాను. పార్కింగ్‌లోకి ఒక్కరు కూడా రాలేదు.

నెల తర్వాత కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. సంఘ ఐక్యతను దెబ్బతీసినందుకు నా పేరు సభ్యత్వం నుంచి తొలగిస్తున్నారట. కింద సంతకాల్లో మా ఆయనది లేదు. ముందురోజే కమిటీకి రాజీనామా ఇచ్చారని అప్పుడు తెలిసింది. ఆ వారమే పాస్టరుగారు ఫోన్ చేసి, మాకు మీ మీద ఏ కోపం లేదు సిస్టర్, మీ పేరు ప్రార్థనల్లో పెట్టాం అన్నారు.

"నా పేరు ఎక్కడా రాయకండి," అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేశారు. ఆయన్ని నేను క్షమించలేదు. క్షమించాలని ఇంట్లో ఎవరూ నాకు చెప్పరు. మా ఆయన ఇప్పుడు ఇంకో సంఘానికి వెళ్తున్నారు, బాబుని తీసుకుని. నేను ఆదివారం పొద్దున లైబ్రరీ తెరిచే వేళకి అక్కడికి వెళ్ళి, విద్యార్థుల పేపర్లు దిద్దుకుని మధ్యాహ్నానికి ఇంటికి వస్తాను.